సర్వే ఫామ్‌లో ఏ ప్రశ్నకి ఏ స్కేల్ పెట్టాలి, తర్వాత ఏ లెక్క కట్టాలి

మా పిన్ని కొడుకు చేపల పులుసు మసాలా ప్యాకెట్లు అమ్మాలని చూస్తున్నాడు, నెల్లూరు, కావలి, ఒంగోలు మూడు ఊళ్ళకీ వేద్దామని వాడి ప్లాన్, దానికి ముందు సర్వే చెయ్యాలని ఎవరో చెప్తే గూగుల్ ఫామ్ ఒకటి చేసి వాట్సాప్ గ్రూపుల్లో తిప్పాడు. రెండొందల దాకా వచ్చాయి. ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చి "అన్నా, యావరేజ్ 2.6 వచ్చింది, బాగున్నట్టేనా" అన్నాడు. దేని యావరేజ్ రా అని చూస్తే, "ఇప్పుడు మీరు ఏ మసాలా వాడుతున్నారు" అనే ప్రశ్నది. ఇంట్లో దంచుకునేదానికి 1, కొట్లో లూజుగా తెచ్చేదానికి 2, కంపెనీ ప్యాకెట్‌కి 3, అసలు మసాలానే వెయ్యం అన్నోళ్ళకి 4 అని నంబర్లు ఇచ్చుకుని, మొత్తం కూడి రెండొందలతో భాగించేశాడు.

తిట్టబుద్ధి కాలేదు, ఎందుకంటే నా దగ్గరికి ఎంబీఏ ప్రాజెక్టులు పట్టుకొచ్చే పిలకాయల్లో చానా మంది చేసేది ఇదే, కాకపోతే వాళ్ళు దానికి రంగు రంగుల గ్రాఫ్ కూడా పెడతారు. వాడికి ఇట్టా చెప్పా. 2019లో రాష్ట్రమంతా ఏపీ 39 రాకముందు నెల్లూరు బళ్ళకి ఏపీ 26, ప్రకాశం బళ్ళకి ఏపీ 27 ఉండేది కదా, పాత నెల్లూరు బండి ఒకటి, పాత ఒంగోలు బండి ఒకటి పక్కపక్కన పెట్టి యావరేజ్ తీస్తే 26.5 వస్తుంది, ఆ బండి యాడిది? కావలి దాటి సింగరాయకొండ చేరకుండా హైవే మీద ఆగిపోయిందా?

అక్కడ అంకె ఉంది గానీ అది లెక్క కాదు, పేరు. మిగతా కథంతా ఇక్కణ్ణించే మొదలు. జనం ఫామ్ ముందు తయారుచేసి, జవాబులు వచ్చాక "ఇప్పుడు దీంతో ఏం చెయ్యాలి" అని కూర్చుంటారు. తిరగేసి చెయ్యండి. ఆఖర్న ఏ లెక్క చూసి ఏ నిర్ణయం తీసుకోవాలో ముందు తేల్చుకుని, ఆ లెక్కకి పనికొచ్చే స్కేల్‌లో, అంటే జవాబుని కొలిచే పద్ధతిలో, ప్రశ్న అడగండి, జవాబులు చేతికొచ్చాక స్కేల్ మార్చుకోవడం కుదరదు.

స్కేళ్ళు నాలుగు రకాలని 1946లో ఎస్.ఎస్. స్టీవెన్స్ అనే అమెరికా సైకాలజిస్టు సైన్స్ పత్రికలో రాశాడు, ఇప్పటికీ ప్రతి టెక్స్ట్‌బుక్‌లో అవే ఉంటాయి. నామినల్, ఆర్డినల్, ఇంటర్వల్, రేషియో. నామినల్ అంటే పైన చెప్పిన బండి నంబరే, పిన్‌కోడ్ కూడా అంతే, ఒంగోలు 523001, నెల్లూరు 524001, అందుకని నెల్లూరు ఒంగోలు కంటే వెయ్యి ఎక్కువ కాదు. ఇందులో చెయ్యగలిగింది ఎంతమంది అని లెక్కపెట్టడం, పర్సెంటేజ్ తీయడం, అన్నిటికంటే ఎక్కువ మంది చెప్పింది ఏదో చూడ్డం. ఎక్కువసార్లు వచ్చినదాన్నే మోడ్ అంటారు. అంతే, కానీ దీన్ని తక్కువ చూడబాకండి, మా వాడికి నిజంగా కావాల్సిన జవాబు ఇందులోనే ఉంది, ఇంట్లో దంచుకునేవాళ్ళు సగానికి మించి ఉంటే వాడి పోటీ కంపెనీ ప్యాకెట్‌తో కాదు, వాళ్ళ అత్తగారి రోలుతో.

ఆర్డినల్ అంటే వరస తెలుస్తుంది, ఎడం తెలీదు. ఒంగోలు, టంగుటూరు వైపు పొగాకు వేలం చూసినోళ్ళకి చెప్పక్కర్లేదు, బ్రైట్, మీడియం, లో గ్రేడ్ అని ఉంటాయి, బ్రైట్ మీడియం కంటే మేలు, మీడియం లో గ్రేడ్ కంటే మేలు, కానీ బ్రైట్‌కీ మీడియంకీ కేజీకి ఎంత తేడా పలుకుతుందో మీడియంకీ లో గ్రేడ్‌కీ అంతే పలుకుతుందని ఏ రైతన్నా అంటాడా? ఒక్కో ఏడు ఒక్కోరకం. వాటికి 3, 2, 1 అని రాసుకుంటే మనం రాసుకున్న సమానమైన ఎడం కాగితం మీదే ఉంటుంది, వేలం ప్లాట్‌ఫాం మీద ఉండదు. సర్వేల్లో "బాగుంది, పర్లేదు, బాలేదు" అన్నీ ఈ జాతే.

ఇంటర్వల్‌లో ఎడాలు సమానం, కానీ సున్నా అసలైన సున్నా కాదు. రోహిణి కార్తెలో 40 డిగ్రీలు, సంక్రాంతి రోజుల్లో తెల్లారుజామున 20 డిగ్రీలు అనుకోండి, 20 తేడా అన్నది నిజం, రెండింతల వేడి అన్నది నిజం కాదు, సెల్సియస్‌లో సున్నా అంటే వేడే లేకపోవడం కాదు కదా, నీళ్ళు గడ్డకట్టే చోట మనుషులు పెట్టుకున్న గుర్తు. అదే వేడిని కెల్విన్‌లో చెప్తే 313, 293. రెండింతలు యాడికి పోయింది?

రేషియో అంటే సున్నా నిజంగా సున్నా. రూపాయలు, ప్యాకెట్లు, కేజీలు, నెలలో ఎన్ని తూర్లు చేపలు తెచ్చారు. దీంట్లో కూడిక, యావరేజ్, రెండింతలు, సగం, అన్నీ చెల్లుతాయి. కాకపోతే మన వైపు ఇంకో తంటా ఉంది, యూనిట్. నెల్లూరులో ధాన్యం పుట్టి అంటే 850 కేజీలు, పక్క జిల్లాల్లో పుట్టి అంటే అది వేరే లెక్క. స్థలం అడిగితే నెల్లూరోళ్ళు అంకణాల్లో చెప్తారు, ఇక్కడ అంకణం 72 చదరపు అడుగులు, తిరుపతి వైపు పోతే 36, ఒంగోల్లో అడిగితే గజాల్లో చెప్తారు. ఒకే కాలమ్‌లో ఈ మూడూ పడితే రేషియో స్కేల్ అనే గొప్పంతా గంగలో కలిసినట్టే. నేను ఒకసారి కొట్ల సర్వేలో "షాపు సైజు ఎంత" అని మాత్రం రాసి యూనిట్ రాయడం మర్చిపోయా, 10 అని రాసినోళ్ళు అంకణాలన్నారో గజాలన్నారో తెలీక మళ్ళీ అందరికీ ఫోన్లు చెయ్యాల్సొచ్చింది. రొయ్యల కౌంట్ ఇంకో రకం, కేజీకి ఎన్ని తూగుతాయో అదే కౌంట్, అంటే అంకె పెరిగేకొద్దీ రొయ్య చిన్నదవుతుంది, డేటా ఎక్కించే కుర్రాడికి అది తెలీకపోతే 100 కౌంట్‌ని 50 కౌంట్ కంటే గొప్ప సరుకు అనుకుంటాడు. యావరేజ్ కూడా చూసి తియ్యాలి, 50 కౌంట్ ఒక కేజీ, 100 కౌంట్ ఒక కేజీ కలిపితే రెండు కేజీల్లో 150 రొయ్యలు, అంటే 75 కౌంట్, అదే చెరో వంద రొయ్యలు కలిపితే మూడు కేజీల్లో 200, అంటే 67 దగ్గర.

సరే, ఇప్పుడు ఎంచుకోవడం సంగతి. మొదటి ఎంపిక, అంకె అడగాలా, గ్రూపు అడగాలా. వయసు, సరుకు ఖర్చు, ఎన్ని తూర్లు కొన్నారు, ఇట్టాంటివి అంకెగానే అడగండి. పాలు ఉంటే పెరుగు తోడేసుకోవచ్చు, పెరుగుని పాలు చెయ్యలేం. అంకెగా తీసుకున్న వయసుని తర్వాత 18 నుంచి 30, 31 నుంచి 45 అని మీ ఇష్టం వచ్చినట్టు గ్రూపులు చేసుకోవచ్చు, గ్రూపుగా తీసుకున్నదాన్ని మళ్ళీ అంకె చెయ్యలేం. ఒక్క ఆదాయం దగ్గర మాత్రం నేను గ్రూపే పెడతా, ఎందుకంటే మొహం మీద "నెలకెంత వస్తుందండీ" అంటే మనోళ్ళు మాట మార్చేస్తారు, కార్డు మీద ఎ, బి, సి, డి అని రాసి చూపిస్తే వేలు పెట్టి చూపిస్తారు. గ్రూపులు పెట్టేటప్పుడు 10,000 నుంచి 20,000, 20,000 నుంచి 30,000 అని రాయబాకండి, సరిగ్గా 20,000 వచ్చేవాడు ఏ గదిలో దూరాలి?

రెండో ఎంపిక అసలైనది, మార్కులు వేయించాలా, పోల్చి చెప్పమనాలా. మా వాడు "రుచి, వాసన, ధర, ప్యాకింగ్, పేరు, ఒక్కోటి మీకు ఎంత ముఖ్యం" అని అడిగి ఒక్కోదానికి 1 నుంచి 5 పెట్టాడు. ఏమొచ్చింది? అన్నిటికీ 5, 5, 4, 5, 5. ఎవరన్నా రుచి ముఖ్యం కాదంటారా, ధర ముఖ్యం కాదంటారా. ఆ ప్రశ్న అడిగినా ఒకటే అడక్కపోయినా ఒకటే. ఇట్టాంటి చోట పోల్చే స్కేల్ పెట్టాలి, అంటే ఒకదానికి ఎక్కువ ఇవ్వాలంటే ఇంకోదానికి తగ్గించక తప్పదు అన్నట్టు.

పోల్చడంలో మూడు దార్లున్నాయి. ర్యాంకులు వేయించడం సులువు, అయిదారు వస్తువుల దాకా బానే ఉంటుంది, అది దాటితే మొదటి రెండూ చివరిదీ ఆలోచించి వేస్తారు, మధ్యవి చేతికొచ్చినట్టు రాస్తారు. రెండోది జతలు, రుచా ధరా, ధరా ప్యాకింగా అని రెండేసి అడగడం, జవాబు చెప్పడం తేలిక, కానీ అయిదు వస్తువులకి 10 జతలు, ఎనిమిదికి 28, పదికి 45 అవుతాయి, ఎండలో నిలబెట్టి 45 అడిగితే కొట్టినా కొడతారు. మూడోది కాన్‌స్టాంట్ సమ్, 100 పాయింట్లు ఇచ్చి అయిదింటికీ పంచమనడం. పుస్తకాల్లో చూస్తే ఇది చదువుకున్నోళ్ళకే అని భయపెడతారు, కూడితే వంద రాదు, 95 వస్తుంది, 110 వస్తుంది అని. నిజమే, కాగితం మీద అయితే. నేను చింతపిక్కలు వాడతా. పది పిక్కలు చేతిలో పోసి, అయిదు గిన్నెలు ముందు పెట్టి, "అక్కా, దేన్ని చూసి కొంటావో దాంట్లో ఎక్కువ వెయ్యి" అంటే అక్షరం రాని ముసలమ్మ కూడా టకటకా వేసేస్తుంది, పది పిక్కలకి పదే ఉంటాయి కాబట్టి కూడిక తప్పే సమస్యే లేదు. పైగా రుచి గిన్నెలో 6, ధర గిన్నెలో 3 పడితే రుచికి రెండింతలు అని చెప్పుకోడానికి ఆధారం ఉంటుంది, ర్యాంకుల్లో అది రాదు. ఎదురుగా కూర్చుని చేసే సర్వే అయితే నా ఓటు దీనికే, ఫోన్ ఫామ్ అయితే ర్యాంకులకి, అది కూడా అయిదు దాటకుండా.

మూడో ఎంపిక, మార్కులే వేయించాలనుకుంటే ఏ రకం. ఎక్కువమంది వాడేది లికర్ట్, చానా మంది లైకర్ట్ అంటారు గానీ ఆయన పేరు పలికేది లికర్ట్ అనే, రెన్సిస్ లికర్ట్, 1932లో పెట్టాడు. ఒక వాక్యం ఇచ్చి ఒప్పుకుంటారా లేదా అని అయిదు మెట్లు. ఇక్కడ తెలుగులో ఉండే చిక్కులు ఇంగ్లీషు పుస్తకాల్లో ఉండవు, కాసేపు దీని మీదే ఉంటా. "గట్టిగా ఏకీభవిస్తున్నాను, ఏకీభవిస్తున్నాను, తటస్థం" అని రాసిన ఫామ్‌లు చూశా, మన జిల్లాలో పుట్టి పెరిగినవాడు ఎవడన్నా పులుసు తిని తటస్థం అంటాడా? "నూటికి నూరుపాళ్ళు నిజం, నిజమే, ఏమీ చెప్పలేను, అంతేం కాదు, అస్సలు కాదు" అని పెట్టండి, అందరికీ నోరు తిరుగుతుంది. తర్వాత "పర్లేదు" అనే మాట. ఇది మధ్య మెట్టుకి అస్సలు పనికిరాదు. పర్లేదే అని సాగదీస్తే బాగుందని, పర్లేదులే అని తల తిప్పుకుంటే బాలేదని, మామూలుగా పర్లేదు అంటే ఏదో నడుస్తుందని. మూడు అర్థాలున్న మాటని 3 అని రాసుకుని యావరేజ్ తీస్తే ఏమొస్తుంది? ఆ స్థానంలో "అటూ ఇటూ కాదు" పెట్టుకోండి. ఇంకోటి, "ధర ఎక్కువేం కాదు" లాంటి కాదు మాటలు వాక్యంలో పెట్టొద్దు, దానికి "కాదు" అని జవాబిస్తే ధర ఎక్కువన్నాడో తక్కువన్నాడో అడిగినోడికే తెలీదు.

పైగా మొహమాటం. చేతిలో గిన్నె పెట్టి, తినేదాకా ఎదురుగా నిలబడి "ఎట్టుంది పెద్దమ్మా" అంటే "బానే ఉంది నాయనా" అనక ఏమంటుంది. వండినోడు అడగకూడదు. వాడి స్నేహితుణ్ణి పంపించమన్నా, అది కూడా ఒక గిన్నె కాదు, రెండు గిన్నెలు, ఒకదాంట్లో వాడి మసాలా, ఇంకోదాంట్లో ఇప్పుడు అమ్ముడుపోయే మసాలా, పేర్లు చెప్పకుండా, సగం మందికి ముందు ఇది, సగం మందికి ముందు అది. రెండిట్లో ఏది అంటే మొహమాటం ఉండదు, రెండూ ఎవరివో తెలీదు కదా.

లికర్ట్‌కి పోటీ సెమాంటిక్ డిఫరెన్షియల్, 1957లో ఆస్‌గుడ్ వాళ్ళ పుస్తకంతో బాగా తెలిసింది. ఆ చివర ఒక మాట, ఈ చివర దానికి ఎదురు మాట, మధ్యలో ఏడు గళ్ళు. ఘాటు, చప్పన. పాతకాలం, కొత్తరకం. ఇంటి వంట, హోటల్ వంట. మనోళ్ళకి వాక్యాన్ని ఒప్పుకోవడం కంటే ఈ రెండు కొసల ఆట సులువుగా ఎక్కుతుంది, రెండు బ్రాండ్లని పక్కపక్కన గీత గీసి చూపించడానికి కూడా ఇదే బాగుంటుంది. స్టాపెల్ అని ఇంకోటి ఉంది, మైనస్ 5 నుంచి ప్లస్ 5, మధ్యలో సున్నా లేకుండా, ఫోన్ సర్వేలకి పనికొస్తుందంటారు, నేను ఫీల్డులో రెండు తూర్లు వాడి వదిలేశా, మైనస్ అనే మాటకే జనం బిత్తరపోతున్నారు.

కారం, పులుపు, ఉప్పు లాంటివాటికి మాత్రం ఇవేవీ వద్దు. వీటిలో ఎక్కువైతే గొప్ప కాదు, సరిపోవడం గొప్ప. అందుకని మూడు గళ్ళే, లేదంటే అయిదు: మరీ తక్కువ, కొంచెం తక్కువ, సరిపోయింది, కొంచెం ఎక్కువ, మరీ ఎక్కువ. ఇక్కడ యావరేజ్ తీస్తే నిండా మునుగుతారు. లెక్క కోసం అనుకుందాం, వందమందిలో 45 మంది కారం తక్కువన్నారు, 45 మంది ఎక్కువన్నారు, పదిమంది సరిపోయిందన్నారు. యావరేజ్ ఎంత? సరిగ్గా మధ్యలో, సరిపోయింది అని. తొంభై మంది మొహం చిట్లించిన పులుసుకి కంప్యూటర్ శభాష్ అంటుంది. అట్టా వచ్చిందంటే చెయ్యాల్సింది కారం మార్చడం కాదు, రెండు ప్యాకెట్లు వెయ్యడం. నెల్లూరు ఘాటు ఒకటి, పిల్లలు తినేది ఒకటి. యావరేజ్ మాత్రమే చూసిన మనిషికి ఈ వ్యాపారం ఆలోచనే తట్టదు.

పదికి ఎంత అని అడిగే ఎన్‌పీఎస్ (నెట్ ప్రమోటర్ స్కోర్) కూడా ఇప్పుడు అందరి నోట్లో ఉంది, 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాసినప్పట్నుంచి. "మీవాళ్ళకి దీన్ని చెప్తారా" అని 0 నుంచి 10 అడిగి, 9, 10 ఇచ్చినోళ్ళ పర్సెంటేజ్‌లోంచి 0 నుంచి 6 ఇచ్చినోళ్ళ పర్సెంటేజ్ తీసేయడం, 7, 8 వాళ్ళని మొత్తం మందిలో ఉంచి, అటూ ఇటూ కలపకపోవడం. చెప్పుకోడానికి ఒక్క అంకె దొరుకుతుంది, అదే దాని గొప్ప, అదే దాని లోపం కూడా. అందరూ 8 ఇచ్చినా సున్నానే వస్తుంది, సగం మంది పది ఇచ్చి సగం మంది ఛీ అని సున్నా ఇచ్చినా సున్నానే వస్తుంది. పైగా మనం 35 వస్తే పాస్, 60 వస్తే ఫస్ట్ క్లాస్ అనుకుంటూ పెరిగాం, పదికి ఏడు ఇచ్చామంటే మెచ్చుకున్నట్టు, పదికి పది ఎవరిస్తారు, మాస్టార్లు కూడా ఇవ్వలేదు మనకి. ఒకే ఊళ్ళో ఈ నెల, పై నెల పోల్చుకోడానికి వాడండి, పెద్ద కంపెనీలు చెప్పే అంకెలతో పోల్చుకుని దిగులు పడబాకండి. మా వాడిలా రెండొందల మంది ఉన్న సర్వేకి నేనైతే పెట్టను.

మెట్లు ఎన్ని అనేదానికి నా జవాబు, ఎదురుగా అడిగితే అయిదు, ప్రతి మెట్టుకీ మాట రాసి. గూగుల్ ఫామ్‌లో లీనియర్ స్కేల్ పెడితే రెండు కొసలకే పేర్లు రాయనిస్తుంది, 2 అంటే ఏంటో 4 అంటే ఏంటో ఎవరికి వాళ్ళే ఊహించుకుంటారు, అందుకని మామూలు మల్టిపుల్ చాయిస్‌లో అయిదు మాటలు రాసేయండి. "తెలీదు, వాడలేదు" అనే గడి విడిగా ఉండాలి, దాన్ని మధ్య మెట్టులో కలపొద్దు. దానికి 99 అని కోడ్ ఇచ్చుకుంటారు చూడండి, లెక్క కట్టే ముందు ఆ 99లు తీసేయడం మర్చిపోబాకండి, నేను కాలేజీలో ఉన్నప్పుడు చేసిన మొదటి ప్రాజెక్టులో కావలి కుర్రాళ్ళ యావరేజ్ వయసు 51 వచ్చింది, ఇదే కారణం, సార్ అది చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

"కొంటారా" అని అడగాలా, "పోయిన నెల ఏం కొన్నారు" అని అడగాలా అంటే రెండోదే. తప్పక కొంటా అనడానికి డబ్బు ఖర్చవదు. కాబట్టి కొంటారా అన్న ప్రశ్నలో పై రెండు మెట్లూ కలిపి చూసి మురిసిపోకుండా, పై మెట్టు ఒక్కటే చూడండి, దాన్లో కూడా కొంత కోత వేసుకోండి, ఇంకా మేలు, పది రూపాయల శాంపిల్ ప్యాకెట్ అక్కడే అమ్మండి, జేబులోంచి తీసిన పది రూపాయలకి మించిన స్కేల్ లేదు.

జవాబులు వచ్చాక మొదటి తగువు మీనా (యావరేజ్‌కే ఇంకో పేరు), మీడియనా. లెక్క కోసం తొమ్మిది మందిని మసాలాకి నెలకెంత పెడతారని అడిగాం అనుకుందాం. 60, 80, 80, 100, 100, 120, 150, 150, చివరాయన హోటల్ నడుపుతాడు, 1860. అంతా కూడితే 2700, తొమ్మిదితో భాగిస్తే 300. మూడొందలు పెట్టేవాడు ఆ తొమ్మిది మందిలో ఒక్కడన్నా ఉన్నాడా? వరసలో నిలబెడితే మధ్యలో ఉన్నవాడిది 100, అదే మీడియన్, ఇళ్ళ సంగతి అదే చెప్తుంది. డబ్బు, భూమి, ఆదాయం అడిగిన ప్రతిచోటా నేను మీడియన్ చూస్తా, మీన్ కూడా పక్కన పెడతా, రెండిటికీ బాగా దూరం ఉందంటే ఎక్కడో ఒక హోటలాయన కూర్చున్నాడని అర్థం. ఆయన్ని తీసిపారెయ్యొద్దు, విడిగా పెట్టండి, పెద్ద ప్యాకెట్ కొనేది ఆయనే.

అయిదు మెట్ల జవాబులకి యావరేజ్ తియ్యొచ్చా లేదా అన్నది స్టీవెన్స్ రోజుల్నుంచీ తెగని తగువు, ఆయన లెక్క ప్రకారం ఆర్డినల్‌కి మీన్ తియ్యకూడదు, బయట మాత్రం అందరూ తీస్తారు. నా పద్ధతి చెప్తా. ఒకే విషయం మీద నాలుగైదు వాక్యాలు పెట్టి, వాటిని కూడి ఒక స్కోర్ చేసినప్పుడు యావరేజ్ తీస్తా, లికర్ట్ అనుకున్నదే అది, కాకపోతే ఆ వాక్యాలన్నీ ఒకే దారిన పోతున్నాయో లేదో క్రాన్‌బాక్ ఆల్ఫా చూసుకుంటా, 0.7 దాటితే సరేనంటారు, ఎదురు అర్థం వచ్చే వాక్యం ఉంటే దాని మార్కులు ముందే తిప్పుకోవాలి. ఒక్క ప్రశ్నే అయితే యావరేజ్ మానేసి ఏ మెట్టులో ఎంతమందో పర్సెంటేజీలు రాస్తా. వందమందీ 3 అన్నా యావరేజ్ 3, యాభై మంది 1 అని యాభై మంది 5 అన్నా యావరేజ్ 3.

తర్వాత క్రాస్ టాబ్, నన్నడిగితే చిన్న సర్వేలో సగం పని ఇదే. ఊరు ఇటు, జవాబు అటు పెట్టి టేబుల్ కట్టడం, ఎక్సెల్లో పివట్ టేబుల్‌తో రెండు నిమిషాలు. పర్సెంటేజ్ ఏ వైపు తియ్యాలి అన్నదగ్గర తడబడతారు, కారణం అనుకునే వైపు వందకి లెక్క కట్టాలి, అంటే నెల్లూరు వాళ్ళలో ఎంతమంది, ఒంగోలు వాళ్ళలో ఎంతమంది అని. మళ్ళీ ఊహ లెక్కే, నెల్లూరు 120 మందిలో 72 మంది కొంటామన్నారు, అంటే 60 శాతం, ఒంగోలు 80 మందిలో 32 మంది, అంటే 40 శాతం. ఇది నిజమైన తేడానా, కాకతాళీయమా? దానికి కై స్క్వేర్, కార్ల్ పియర్సన్ 1900లో పెట్టింది. ఊరుతో సంబంధం లేదనుకుంటే మొత్తం 200లో 104 మంది కొంటామన్నారు కాబట్టి నెల్లూరులో 62.4 రావాలి, ఒంగోల్లో 41.6 రావాలి, కొనం అన్నవాళ్ళు 57.6, 38.4. వచ్చినదానికీ రావాల్సినదానికీ ప్రతి గడిలో 9.6 తేడా, దాన్ని వర్గం చేసి రావాల్సినదానితో భాగించి నాలుగూ కూడితే 7.69 వస్తుంది. ఇట్టా రెండు రెళ్ళ నాలుగు గళ్ళ టేబుల్‌కి 3.84 దాటితే చాలు, తేడా ఉత్తినే రాలేదని 5 శాతం రిస్క్‌తో అనుకోవచ్చు. అదే 60, 40 శాతాలు 25 మందితో వచ్చాయనుకోండి, నెల్లూరు 15లో 9, ఒంగోలు 10లో 4, కై స్క్వేర్ 0.96కి పడిపోతుంది, ఏమీ చెప్పలేం, పైగా ఒక గడిలో రావాల్సింది 4.8, అయిదు కంటే తక్కువ ఉంటే ఈ టెస్ట్ మీద నమ్మకం పెట్టుకోకూడదని వాడుక. ఎక్సెల్లో దీనికి ఫంక్షన్ ఉంది గానీ రావాల్సిన అంకెల టేబుల్ మనమే కట్టి ఇవ్వాలి.

మిగతా టెస్టులు త్వరగా చెప్పేస్తా. రెండు ఊళ్ళ ఖర్చు రూపాయల్లో పోల్చాలంటే టీ టెస్ట్, గిన్నిస్ బీరు కంపెనీలో పనిచేసే గాసెట్ 1908లో స్టూడెంట్ అనే మారుపేరుతో ఇచ్చింది, మూడు ఊళ్ళయితే అనోవా. అవే మెట్ల జవాబులైతే రెండు ఊళ్ళకి మాన్ విట్నీ, మూడిటికి క్రుస్కల్ వాలిస్. రెండు ర్యాంకుల మధ్య సంబంధానికి స్పియర్‌మన్, రెండు నిజమైన అంకెల మధ్య అయితే పియర్సన్. మాన్ విట్నీ లాంటివి ఎక్సెల్లో రెడీగా ఉండవు, జమోవి అని ఉచితంగా దొరుకుతుంది, అది వేసుకోండి. "వర్తించేవన్నీ టిక్ పెట్టండి" అనే ప్రశ్న ఉంటే ఒక్కో ఆప్షన్‌ని ఒక్కో కాలమ్ చేసి 1, 0 అని రాసుకోండి, పర్సెంటేజీలు కూడితే వంద దాటుతుంది, భయపడబాకండి, వాటిని ముక్కలు కోసినట్టుండే గుండ్రటి పై చార్ట్‌లో మాత్రం పెట్టకండి.

శాంపిల్ 384 ఉండాలి కదా అని అడుగుతారు ప్రతివాళ్ళూ. 95 శాతం నమ్మకం, 5 శాతం అటూఇటూ అనుకుంటే వచ్చే అంకె అది, ఊళ్ళో ఎవరైనా సమానంగా దొరికే అవకాశం ఉండేలా ఎంచినప్పుడే దానికి అర్థం. మా వాడి ఫామ్ పోయింది వాడి ఇంజినీరింగ్ బ్యాచ్ గ్రూపుకి, అపార్ట్‌మెంట్ గ్రూపుకి, 384 కాదు నాలుగు వేలొచ్చినా అవే ఇళ్ళు. రొట్టెల పండగప్పుడు స్వర్ణాల చెరువు దగ్గర చేద్దామా, బోలెడు జనం ఉంటారు కదా అన్నాడు. జనం ఉంటారు, పక్క రాష్ట్రాల నుంచి కూడా వస్తారు, వాళ్ళెవరూ పైవారం నెల్లూరు కొట్లో మసాలా కొనరు. దానికంటే ఆదివారం పొద్దున చేపల మార్కెట్లో, బయటికొచ్చే ప్రతి అయిదో మనిషినీ ఆపితే మేలు, చేప సంచి చేతిలో ఉన్నవాళ్ళే వాడికి కావాల్సింది.

ఇప్పుడు 22 ప్రశ్నల ఫామ్ 9కి వచ్చింది. ఏ మసాలా వాడుతున్నారు, పోయిన నెల ఎన్ని తూర్లు చేపలు తెచ్చారు, మసాలాకి ఎంతైంది, రెండు గిన్నెల్లో ఏది, కారం, పులుపు సరిపోయాయా, పిక్కల ఆట, వయసు, ఏ పేట నుంచి. పిక్కలు మా అమ్మ ఏరి ఇచ్చింది, పది అడిగితే పదమూడు ఇచ్చింది, పోతే పోతాయిలే అని, కూడినప్పుడు పదే రావాలమ్మా అని మూడు వెనక్కిస్తే ఇంత లెక్కేందిరా అని సణుక్కుంటూ డబ్బాలో వేసుకుంది.